ఆపడం నేర్పే శిక్షణ



లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రైలుపెట్టెను చక్రాల చట్రాల మీద నుంచి లేపాలన్నా, నాగార్జునసాగర్ జలవిద్యుత్ కేంద్రంలో జనరేటర్ రోటర్‌ను బయటికి తీయాలన్నా, విశాఖ ఉక్కు కర్మాగారంలో కరిగిన ఉక్కు నిండిన లేడిల్‌ను కాస్టింగ్ మెషిన్ దగ్గరికి చేర్చాలన్నా, జీడిమెట్లలో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఇనుప ప్లేటును కటింగ్ టేబుల్ మీద పెట్టాలన్నా పని చేసేది ఒకే జాతి యంత్రం. షెడ్డుకు రెండు పక్కలా ఎత్తున పట్టాలు ఉంటాయి. వాటి మీద పెద్ద దూలం నడుస్తుంది, దూలం మీద అడ్డంగా ట్రాలీ కదులుతుంది, ట్రాలీ నుంచి ఉక్కు తాడుకు కొక్కెం వేలాడుతుంది. దీన్నే పనివాళ్లు ఈఓటీ, అంటే ఎలక్ట్రిక్ ఓవర్‌హెడ్ ట్రావెలింగ్ క్రేన్ అంటారు. దూలం షెడ్డు పొడవునా నడిస్తే లాంగ్ ట్రావెల్, ట్రాలీ అడ్డంగా పోతే క్రాస్ ట్రావెల్, కొక్కెం పైకీ కిందికీ కదిలితే హోయిస్టు. కదలికలు మూడు, ఆపరేటర్ చేతిలో ఉండే పెండెంట్ అనే కంట్రోల్ పెట్టె మీద వాటికి బటన్లు ఆరు.

ఆరు బటన్లే కదా, ఎవరికైనా అరగంటలో నేర్పేయవచ్చన్న నమ్మకం మన షాపుల్లో బాగా నాటుకుపోయింది. కొత్తగా చేరిన కుర్రాడి చేతికి పెండెంట్ ఇచ్చి, "ఇది పైకి, ఇది కిందికి, చూసుకుని నొక్కు తమ్ముడూ" అంటారు. మర్నాటికి అతను క్రేన్ ఆపరేటర్. క్రేన్‌ను కదిలించడం నిజంగానే అరగంటలో వచ్చేస్తుంది. ఎప్పుడు ఆపాలో, ఎవరు చెబితే ఆపాలో, ఆగిన క్రేన్ మళ్లీ కదలకుండా ఎలా చూసుకోవాలో మాత్రం అంత తొందరగా రాదు. క్రేన్ భద్రత శిక్షణలో గంటలన్నీ ఖర్చు పెట్టాల్సింది దాని మీదనేనని నా గట్టి అభిప్రాయం.

ముందు ఒక ప్రమాదం గురించి చెబుతాను. 2007 ఏప్రిల్ 18. చైనాలో లియావోనింగ్ రాష్ట్రం, తియెలింగ్ నగరం దగ్గర చింఘే స్పెషల్ స్టీల్ అనే కర్మాగారం. ఉదయం షిఫ్టు మారే వేళ. ఓవర్‌హెడ్ క్రేన్‌కు వేలాడుతున్న లేడిల్‌లో సుమారు 30 టన్నుల కరిగిన ఉక్కు ఉంది. ఆ లేడిల్ పట్టు తప్పి కింద పడింది. షిఫ్టు మీటింగు కోసం కార్మికులు చేరిన గది పక్కనే ఉంది. ఉక్కు అందులోకి పారింది. 32 మంది చనిపోయారు. కరిగిన లోహం మోసే చోట దానికోసమే తయారుచేసిన క్రేన్ ఉండాలి. దాని హోయిస్టుకు ఒక బ్రేకు తప్పితే ఇంకో బ్రేకు పట్టే ఏర్పాటు ఉంటుంది. అక్కడ వాడింది మామూలు క్రేన్ అని దర్యాప్తులో తేలింది. మీటింగు గదిని లేడిల్‌కు అంత దగ్గరగా పెట్టడం కూడా తప్పేనని తేలింది.

ఆ గదిలో ఉన్నవాళ్లు క్రేన్ నడపడానికి రాలేదు. పని పంచుకోవడానికి వచ్చారు. అందుకే, ఆపరేటర్ ఒక్కడికి శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ గోడకు తగిలిస్తే సరిపోతుందంటే నేను ఒప్పుకోను. బరువుకు స్లింగ్ కట్టే ఖలాసీ, దూలం మీదికెక్కే ఫిట్టరు, ఎలక్ట్రీషియను, పని పురమాయించే సూపర్‌వైజరు, స్టోర్సు నుంచి కాగితాలు పట్టుకుని ఆ దారిన పోయే గుమాస్తా, వీళ్లందరూ ఆ కొక్కెం కింద బతుకుతున్నవాళ్లే. ఒక్కొక్కరికి ఎంత నేర్పాలన్నది వేరే మాట. ఏమీ నేర్పకుండా వదిలేయదగ్గ మనిషి మాత్రం ఆ షెడ్డులో ఒక్కడూ లేడు.

షిఫ్టు మొదట్లో ఏం చేయాలో చూద్దాం. మంచి ఆపరేటర్ డ్యూటీ ఎక్కగానే బరువెత్తడు. కొక్కేన్ని కిందికి దించి దాని నోటికి అడ్డంగా ఉండే లాచ్ సరిగా పడుతోందా అని చూస్తాడు. తాడు డ్రమ్ము గాడుల్లో వరసగా కూర్చుందా, ఎక్కడైనా తీగలు తెగి ముళ్లలా లేచాయా, మెలిపడి ఉబ్బిందా అని చూస్తాడు. కొక్కెం నోరు తయారైనప్పటి కొలత కంటే 15 శాతానికి మించి విచ్చుకున్నా, 10 డిగ్రీలకు మించి మెలితిరిగినా దాన్ని పక్కన పెట్టాలని అమెరికా కార్మిక భద్రత సంస్థ ఓషా నిబంధన. కంటికి ఆ తేడా తెలియదు. కొక్కెం కొత్తగా ఉన్నప్పుడే రెండు పంచ్ గుర్తులు కొట్టి, వాటి మధ్య దూరాన్ని రాసిపెట్టుకుంటే తర్వాత స్కేలు పెట్టి చూసుకోవచ్చు. ఖర్చు లేని పని ఇది, అయినా చాలా షాపుల్లో జరగదు.

ఆ తర్వాత అప్పర్ లిమిట్. కొక్కెం పైకి వెళ్తూ వెళ్తూ ట్రాలీని గుద్దుకోకుండా మోటారుకు కరెంటు కోసేసే స్విచ్చు ఇది. ఇది పనిచేయకపోతే కొక్కెం ఉన్న హుక్ బ్లాకు వెళ్లి పైన ఇరుక్కుంటుంది. మోటారు మాత్రం ఇంకా లాగుతూనే ఉంటుంది. తాడు తెగుతుంది, బ్లాకూ బరువూ కలిసి కిందికి వస్తాయి. ఆ స్విచ్చును ప్రతి షిఫ్టు మొదట్లో ఖాళీ కొక్కెంతో, కింద ఎవరూ లేకుండా, కొద్ది కొద్దిగా పైకి నడుపుతూ పరీక్షించాలి. ఇక్కడే ఒక చెడ్డ అలవాటు గురించి హెచ్చరించాలి. కొందరు రోజంతా బటన్ నొక్కి ఉంచి, లిమిట్ కోసినప్పుడే కొక్కెం ఆగనిస్తారు. ఆగాల్సిన చోట ఆపరేటరే ఆపాలి. అతను ఆపలేకపోయిన రోజున ఆదుకోవడానికి పెట్టింది లిమిట్ స్విచ్చు. రోజూ దాన్నే బ్రేకులా వాడితే అది అరిగిపోతుంది, కావలసిన రోజున పనిచేయదు.

పెండెంట్ మీద అక్షరాలు చెరిగిపోవడం కూడా చిన్న విషయం కాదు. నూనె చేతులతో పట్టుకుని పట్టుకుని కొన్నాళ్లకు బటన్లు అన్నీ ఒక్కలా కనిపిస్తాయి. పైగా "ఫార్వర్డ్" అని రాసి ఉంటే, ఆపరేటర్ ఎటు తిరిగి నిలబడితే అటు ముందు అనిపిస్తుంది. దూలం అడుగు భాగాన తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని పెద్ద అక్షరాలతో రాయించి, పెండెంట్ మీద కూడా అవే మాటలు ఉంచితే తడబాటు పోతుంది. తెలుగులో రాయించండి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన పనివాళ్లు ఉంటే ఒక్కో దిక్కుకు ఒక్కో రంగు కూడా వేయించండి.

ఇప్పుడు బరువు సంగతి. క్రేన్ దూలం మీద అది ఎన్ని టన్నులు మోస్తుందో పెద్దగా రాసి ఉంటుంది. ఎత్తబోయే వస్తువు మీద మాత్రం ఏమీ రాసి ఉండదు. "ఎంతుంటుంది అన్నా?" అని హెల్పర్ అడిగితే, "ఏం కాదులే, రోజూ ఎత్తేదే" అని జవాబు వస్తుంది. ఇనుప ప్లేటు బరువు లెక్క కట్టడం కష్టం కాదు. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు ప్లేటు ఇంచుమించు ఎనిమిది కిలోలు, ఖచ్చితంగా చెప్పాలంటే 7.85. అంటే రెండు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవు, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లేటుకు పన్నెండును ఇరవై ఐదుతో, దాన్ని ఎనిమిదితో హెచ్చవేయాలి. 2,400 కిలోలు వస్తాయి. రెండు టన్నుల క్రేన్ దాన్ని ఎత్తకూడదు. ఎత్తగలదేమో, కానీ ఎత్తకూడదు. ఈ ఒక్క గుణకారం నోటికి వచ్చేదాకా ప్రతి ఖలాసీ చేతా చేయించాలి.

క్రేన్‌కు ఆ బరువు సరిపోయినా స్లింగ్‌కు సరిపోకపోవచ్చు. ఇది మనవాళ్లలో చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పని సంగతి. ఇద్దరు మనుషులు నీళ్ల బకెట్‌ను చెరో పక్క పట్టుకుని మోసుకెళ్తుంటే, దగ్గర దగ్గరగా నడిచినప్పుడు చేతులకు తేలిగ్గా ఉంటుంది. దూరం జరిగే కొద్దీ అదే బకెట్ భుజాలు లాగేస్తుంది. బకెట్‌లో నీళ్లు పెరగలేదు, చేతులు వాలిపోయాయి, అంతే. రెండు కాళ్ల స్లింగ్ కూడా ఇంతే. ఒక టన్ను బరువును ఎత్తుతుంటే, స్లింగ్ కాళ్లు నేలకు 60 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు ఒక్కో కాలు మీద సుమారు 577 కిలోల లాగుడు పడుతుంది. 45 డిగ్రీలకు వాలితే 707 కిలోలు. 30 డిగ్రీలకు వాలితే ఒక్కో కాలి మీదా పూర్తిగా వెయ్యి కిలోలు. వస్తువు వెడల్పుగా ఉండి స్లింగ్ పొట్టిగా ఉంటే కోణం తగ్గిపోతుంది. అప్పుడు పొడవైన స్లింగ్ తెప్పించుకోవాలి, లేదా కాళ్లు వాలకుండా ఎడంగా పట్టి ఉంచే స్ప్రెడర్ బీము వాడాలి. రెండూ లేకపోతే ఆ బరువు ఆ పూట లేవదు. దానికి సూపర్‌వైజర్ కోప్పడకూడదు.

స్లింగ్ కట్టాక కూడా ఒక్కసారిగా ఎత్తకూడదు. స్లింగ్ బిగిసేదాకా మెల్లగా లాగి, ఖలాసీ వేళ్లు తీసేశాడో లేదో చూసుకోవాలి. స్లింగ్‌కూ వస్తువుకూ మధ్య నలిగే వేళ్లు ఎన్నని! బరువును బెత్తెడు ఎత్తు లేపి ఆపాలి. బ్రేకు పట్టిందా, బరువు కిందికి జారుతోందా, ఒక పక్కకు ఒరుగుతోందా అని చూడాలి. తేడా ఉంటే ఆ బెత్తెడూ దించేసి మళ్లీ కట్టుకోవాలి. బెత్తెడు ఎత్తులో బయటపడిన లోపం వల్ల పోయేది పది నిమిషాలు. అదే లోపం నాలుగు మీటర్ల ఎత్తులో బయటపడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ట్రాలీ సరిగ్గా బరువు నడినెత్తిన లేకుండా ఏటవాలుగా లాగడం కూడా ఇలాగే ఆపించాల్సిన పని. బరువు నేల వదలగానే ఊగుతుంది, దాని దారిలో ఎవరుంటే వాళ్లను కొడుతుంది. తాడు కూడా డ్రమ్ము గాడి తప్పుతుంది.

ఇక సైగలు. కొన్ని చోట్ల ఖలాసీలు "హబీస్" అంటే పైకి, "ఆరియా" అంటే కిందికి. ఆ కేకలు పాత రోజుల నుంచి వస్తున్నవే, వాటిని నేను తక్కువ చేయను. కానీ గ్రైండింగు మిషన్లు అరుస్తున్న షెడ్డులో కేక వినిపించదు. అందుకే చేతి సైగలు. రేడియో వింటున్న కార్మిక సోదరులు, సోదరీమణులు ఇప్పుడే నాతో పాటు చేసి చూడండి. మోచేతిని మడిచి, ముంజేతిని నిలువుగా ఎత్తి, చూపుడువేలు పైకి చూపిస్తూ చిన్నగా సున్నాలు చుట్టండి. అది పైకెత్తమనే సైగ. చేతిని కిందికి చాచి, వేలు నేల వైపు చూపిస్తూ అలాగే సున్నాలు చుట్టండి. అది దించమని. ఒక చేతిని పక్కకు చాచి, అరచేయి నేల వైపు పెట్టి అటూ ఇటూ ఆడించండి. అది ఆపమని. రెండు చేతులూ అలాగే చాచి ఆడిస్తే, ఉన్నపళంగా ఆపమని.

ఆపరేటర్‌కు సైగ ఇచ్చే మనిషి ఒక్కడే ఉండాలి. అతని సైగ తప్ప ఇంకెవరి సైగకూ క్రేన్ కదలకూడదు. ఆపమనే సైగ ఒక్కదానికే మినహాయింపు. అది ఎవరు ఇచ్చినా ఆపాలి. నిన్న చేరిన హెల్పర్ ఇచ్చినా, ఊడ్చే అమ్మ ఇచ్చినా ఆపాలి. ఆపాక ఏమీ లేదని తేలినా ఆ మనిషిని ఒక్క మాట అనకూడదు. ఒక్కసారి కసురుకుంటే చాలు, ఆ షెడ్డులో ఇంకెప్పుడూ ఎవరూ చెయ్యి ఎత్తరు. శిక్షణలో దీన్ని నాటకంలా ఆడించి చూపించాలని నా కోరిక. బరువు గాల్లో ఉండగా అందరికంటే కొత్త పనివాడి చేత చేతులు చాపించాలి, క్రేన్ ఆగాలి, ఫోర్‌మన్ అందరి ముందూ వచ్చి "మంచి పని చేశావయ్యా" అనాలి. ఈ మూడు నిమిషాలు ఎన్ని పోస్టర్లు అంటించినా రాని ధైర్యం ఇస్తాయి.

నడిపేవాళ్ల గురించి ఇంతసేపు చెప్పాను. మరమ్మతు చేసేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ, శిక్షణ ఇంకా తక్కువ. ఎందుకంటే వాళ్లు క్రేన్ మీదే ఉంటారు, కింద పని ఆగదు, పైన వాళ్లున్నారని కింద వాళ్లకు గుర్తుండదు.

ఒక పెద్ద షెడ్డులో ఒకే పట్టాల మీద రెండు క్రేన్లు నడుస్తుంటాయనుకోండి. ఒకదాన్ని షట్‌డౌన్ తీసుకుని చక్రం బేరింగు మారుస్తున్నారు. ఫిట్టరు పట్టా మీదికి వంగి పనిచేస్తున్నాడు. అతని క్రేన్ కదలదు, కరెంటు తీసేశారు. కానీ రెండో క్రేన్ పనిలోనే ఉంది, దాని ఆపరేటర్ చూపు కింద బరువు మీద ఉంది. దూలం వచ్చి తగిలేదాకా ఇద్దరికీ తెలియదు. అందుకే 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లో, క్రేన్ పట్టాల మీద గానీ వాటి దగ్గర గానీ మనిషి పనిచేస్తుంటే క్రేన్ అతనికి ఆరు మీటర్ల లోపుకు రాకుండా తగిన ఏర్పాటు చేయాలని రాశారు. ఏర్పాటు అంటే "చూసి నడుపు" అని చెప్పడం కాదు. పట్టాకు ఇనుప స్టాపర్లు బిగించాలి, రెండో క్రేన్ ఆపరేటర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి, కింద ఒక మనిషిని ఇదే పనికి నిలబెట్టాలి.

కరెంటు తీయడంలో కూడా ఒక మోసం ఉంది. క్రేన్ దూలం మీద ఉండే ఐసొలేటర్ తీస్తే క్రేన్ ఆగిపోతుంది, పెండెంట్ పనిచేయదు. కానీ షెడ్డు పొడవునా గోడ వెంట పోతూ క్రేన్‌కు కరెంటు అందించే డీఎస్‌ఎల్ కండక్టర్లలో కరెంటు అలాగే ఉంటుంది, అది 415 వోల్టులు. వాటి మీద జారే కలెక్టరు షూలు మార్చడానికి వెళ్లిన ఎలక్ట్రీషియన్ "క్రేన్ ఆగింది కదా" అనుకుని చెయ్యి పెడితే అంతే. ఆ పనికి కింద గోడ దగ్గరి మెయిన్ ఐసొలేటర్‌నే తీయాలి, టెస్టర్‌తో చూసుకోవాలి. తీసిన స్విచ్చుకు తాళం వేయాలి. ఆ తాళం పైకి వెళ్లే మనిషిది కావాలి, తాళంచెవి అతని జేబులో ఉండాలి. నలుగురు ఎక్కితే నాలుగు తాళాలు. ఆఖరి మనిషి దిగి తన తాళం తీసేదాకా కరెంటు రాకూడదు. "మనుషులు పనిచేస్తున్నారు" అని బోర్డు తగిలిస్తే చాలదా అని అడుగుతారు. బోర్డును చదవని మనిషి కూడా స్విచ్చు వేయగలడు, తాళం ఉంటే వేయలేడు.

పని అయ్యాక ఇంకో గండం. మరమ్మతులో భాగంగా లిమిట్ స్విచ్చును తాత్కాలికంగా బైపాస్ చేస్తారు, పూర్తయ్యాక ఆ వైరు తీయడం మర్చిపోతారు. మర్నాడు పొద్దున డ్యూటీ ఎక్కిన ఆపరేటర్‌కు ఆ సంగతి తెలియదు. క్రేన్‌ను అప్పగించే ముందు ఫిట్టరు, ఎలక్ట్రీషియను, ఆపరేటరు ముగ్గురూ కలిసి బ్రేకులూ లిమిట్లూ నడిపి చూసి సంతకం పెట్టాలి. విడివిడిగా పెట్టిన సంతకాలకు నేను విలువ ఇవ్వను.

క్రేన్‌ను పరీక్షించడం కూడా ప్రమాదకరమైన పనేనని మనం చాలా నష్టపోయి తెలుసుకున్నాం. 2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్‌ను పనిలోకి దింపే ముందు పరీక్షిస్తుండగా అది కూలిపోయింది. 11 మంది చనిపోయారు. వాళ్లలో షిప్‌యార్డు ఉద్యోగులూ ఉన్నారు, కాంట్రాక్టు సంస్థల మనుషులూ ఉన్నారు. అది ఓవర్‌హెడ్ క్రేన్ కాదు, నేల మీద నిలబడి చెయ్యి చాచే జిబ్ క్రేన్. అయినా మన విషయానికి సంబంధం ఉంది. లోడు టెస్టులో ఉందంటేనే అది నిలబడుతుందో లేదో ఇంకా తెలియని యంత్రం. అటువంటప్పుడు దాని మీదా, దాని చుట్టూ ఎంత తక్కువమంది ఉంటే అంత మంచిది. ఎవరు ఉండాలో పేర్లతో సహా ముందే రాసుకోవాలి.

ఇవన్నీ పెద్ద కర్మాగారాలకే చెల్లుతాయని చిన్న షెడ్ల యజమానులు అంటారు. బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పదిహేను మందితో నడిచే షాపుకు సేఫ్టీ ఆఫీసరు ఉండడు, తరగతి గది ఉండదు. నిజమే. కానీ ఒక అవకాశం ఉంది. క్రేన్లనూ తాళ్లనూ గొలుసులనూ 12 నెలలకు ఒకసారైనా కాంపిటెంట్ పర్సన్, అంటే అర్హత ఉన్న పరీక్షకుడి చేత క్షుణ్ణంగా పరీక్ష చేయించాలని అదే 29వ సెక్షన్‌లో ఉండేది. సాధారణంగా ఆ రోజున జరిగేదేమిటంటే, ఆయన వస్తాడు, చూస్తాడు, ఆఫీసులో టీ తాగి రిపోర్టు ఇచ్చి వెళ్తాడు. పనివాళ్లు ఆ సమయంలో వేరే పనిలో ఉంటారు.

యజమానులను నేను అడిగేది ఇంతే. ఆ పూట పని ఆపండి, జీతం కోయకండి. ఆపరేటర్లనూ ఖలాసీలనూ ఫిట్టర్లనూ, కాంట్రాక్టు మనుషులతో సహా, ఆయన పక్కన నిలబెట్టండి. తాడు వ్యాసాన్ని కాలిపర్‌తో ఎలా కొలుస్తాడో, ఎక్కడ కొలుస్తాడో, తెగిన తీగలను ఎలా లెక్కపెడతాడో, బ్రేకు లైనింగు ఎంత అరిగితే మార్చమంటాడో వాళ్ల ముందే చేసి చూపించమనండి. తెలుగులో చెప్పమనండి, అర్థం కాని వాళ్లకు పక్కవాళ్ల చేత హిందీలోనో ఒడియాలోనో చెప్పించండి. తర్వాత ఒక్కొక్కరి చేతికీ కాలిపర్ ఇచ్చి కొలిపించండి. పనికిరావని ఆయన తేల్చిన స్లింగ్‌లను మూల పడేయకండి. మూలన ఉన్న స్లింగ్ వారం తిరక్కుండా మళ్లీ కొక్కేనికి ఎక్కుతుంది. తాడు స్లింగ్ అయితే గ్యాస్ కట్టర్‌తో, బెల్టు అయితే కత్తితో, అప్పటికప్పుడు అందరూ చూస్తుండగా ముక్కలు చేయించి స్క్రాపులో వేయించండి.